ఎంబీఏలో మార్కెటింగ్ తీసుకుంటే కొట్ల చుట్టూ తిరగడమేనా?

కొట్టుబాబు:
మాది పార్వతీపురం దగ్గర ఊరు. నాన్నది కిరాణా కొట్టు. బీకాం అయ్యాక ఐసెట్ రాస్తే వచ్చిన ర్యాంకుకి యూనివర్సిటీ క్యాంపస్‌లోనే ఎంబీఏ సీటు దొరికింది. మూడో సెమిస్టర్‌కి స్పెషలైజేషన్ ఫారం శుక్రవారంలోగా ఇచ్చెయ్యాలి. నా మనసు మార్కెటింగ్ మీదుంది, ఇంట్లో ఫైనాన్స్ అంటున్నారు.

నాన్న భయానికీ కారణముంది. ప్రతి మంగళవారం మా కొట్టుకి ఒక కంపెనీ కుర్రాడు వస్తాడు. అతనూ ఎంబీఏనే. బేరాలు అయ్యేదాకా బస్తాల మధ్య నిలబడే ఉంటాడు, చేతిలో ఫోను, అందులో ఆర్డర్ యాప్. నాన్న ఖాళీ అయ్యాక "పోయినవారం సరుకే కదల్లేదు, వచ్చేవారం చూద్దాం" అంటారు. అతను నవ్వు చెదరకుండా "ఒక్క డజనైనా రాయండి సార్, బిల్లు పడాలి" అంటాడు. మొన్న సెలవులకి వెళ్తే అతను వెళ్లాక నాన్న "రేపు నువ్వూ ఇలాగే నిలబడతావా?" అన్నారు. నోట మాట రాలేదు.

పైగా మా క్యాంపస్‌కి వచ్చే కంపెనీలే తక్కువ. మార్కెటింగ్ చేసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

బీట్ నంబర్ 4:
తమ్ముడూ, ఆ బస్తాల మధ్య నేను మూడేళ్లు నిలబడ్డాను. కాళ్లు పీకుతాయి, అబద్ధమెందుకు. కానీ ఒకటి నేర్చుకున్నాను. కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లేది ప్రైమరీ, అక్కణ్ణుంచి కొట్టుకి వెళ్లేది సెకండరీ. నెలాఖరున డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌లో సరుకు కుక్కేస్తే టార్గెట్ అయిపోతుంది, కొట్లో మాత్రం పెట్టె విప్పరు. మీ నాన్నగారు "వచ్చేవారం" అన్నది అందుకే. అది మా మేనేజర్‌కి చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. నువ్వు గల్లాపెట్టె పక్కన పెరిగావు, నీకు పుట్టుకతోనే తెలుసు.

ఇంకోటి, ఫైనాన్స్ తీసుకున్న నా రూమ్మేటు మొదటి రెండేళ్లూ పర్సనల్ లోన్లే అమ్మాడు.

పెట్రోల్ బిల్లు:
ఫైనాన్సే తీసుకో బాబూ. మే నెల ఎండలో బండి మీద తిరిగితే నా మాట గుర్తొస్తుంది.

గాజువాక అక్క:
ఆడపిల్లవి, హెచ్‌ఆర్ తీసుకోమని నాకు అందరూ చెప్పారు. వినలేదు. ఇప్పటికీ బాధ లేదు.

బాబూ, ప్రాజెక్టు సంగతి ఇప్పుడే చూసుకో. సీనియర్ రిపోర్టు తెచ్చి అట్ట మార్చి ఇచ్చేవాళ్లు వైవాలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. నీ టాపిక్ మీ కొట్లోనే ఉంది. 2025 సెప్టెంబరు 22న బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది కదా. ఐదు రూపాయల ప్యాకెట్టుకి లెక్కేస్తే తగ్గాల్సింది 55 పైసలు. ఆ చిల్లర ఎవరిస్తారు? అందుకే ధర ఐదులోనే ఉంచి గ్రాములు పెంచే దారి. మరి పాత స్టాకు ఉన్న కొట్టువాడు ఏం చేశాడు, కొనేవాళ్లు గ్రాములు చూశారా? మీ వీధిలో ఇరవై కొట్లు తిరిగి అడుగు. క్లాసులో "ప్రైసింగ్" అని చెప్పేది ఇదే. ఎక్సెల్ మాత్రం బాగా నేర్చుకో.

కొట్టుబాబు:
అక్కా, రాత్రి నాన్నకి ఫోన్ చేసి ఆ 55 పైసల గురించి అడిగాను. అరగంట ఆపకుండా చెప్పారు, సగం తిట్లే. చిల్లర లేక చాక్లెట్లు ఇస్తే ఎవరు గొడవపడ్డారో కూడా పేర్లతో సహా చెప్పారు. అంతా రాసుకున్నాను. చివర్లో "ఇదంతా నీకెందుకురా?" అన్నారు. చదువు కోసం అన్నాను.

ఫారం ఇచ్చేశాను, మార్కెటింగే. ఆ ముక్క మాత్రం నాన్నకి ఇంకా చెప్పలేదు.