పాత ఐ3, పేజ్‌మేకర్, అను ఫాంట్లు: విండోస్ 10 పోయాక ఏం వేసుకోవాలి?

కావలి డీటీపీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది కావలిలో కోర్టుకు వెళ్ళే దారిలో ఒక చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. ఉన్నది ఒకటే కంప్యూటర్. 2016లో కొన్నాను. ఇంటెల్ ఐ3 ఆరో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, లోపల పాత హార్డ్ డిస్క్. పొద్దున స్విచ్ వేసి, షాపు ముందు నీళ్ళు చల్లి, పక్క హోటల్లో టీ తాగి వచ్చేసరికి డెస్క్‌టాప్ కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ దాంతోనే నెట్టుకొచ్చాను.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి. 11 వేద్దామంటే ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసరో ఆపైదో కావాలట, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలట. నా పెట్టెకు ఆ అర్హత లేదని తేల్చేసింది. తొమ్మిదేళ్ళు అన్నం పెట్టిన పెట్టె అండీ.

హైదరాబాదులో ఉన్న బావమరిదికి ఫోన్ చేస్తే "విండోస్ బదులు లైనక్స్ వేసుకో బావా, ఫ్రీ" అన్నాడు. పెళ్ళి వీడియోలు తీసే ఫ్రెండ్ "మ్యాక్ కొనరా, మళ్ళీ కొన్నేళ్ళు దాని జోలికి పోనక్కర్లేదు" అన్నాడు. రిపేరు చేసే అబ్బాయి "ఏదో తిప్పలు పడి 11 ఎక్కిస్తా, ఎనిమిది వందలివ్వు" అన్నాడు. ఎవరి దగ్గర ఏది ఉంటే అదే చెప్పారు. నేను చేసే పని ఏమిటని ఒక్కరూ అడగలేదు.

నా పని ఇదీ. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, దశదిన కర్మ కార్డులు పేజ్‌మేకర్ 7 అనే పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్‌లో చేస్తాను. తెలుగంతా అను ఫాంట్లు, కీబోర్డు మీద అక్షరాల అమరిక ఆపిల్ లేఅవుట్. (ఆ పేరు విని నా దగ్గర ఆపిల్ కంప్యూటర్ ఉందనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.) అగ్రిమెంట్లు స్టాంపు పేపర్ మీద ప్రింటు తీస్తాను. ఇక రోజంతా వాట్సాప్ వెబ్‌లో వచ్చే ఆధార్‌లు, హాల్‌టికెట్లు, కాలేజీ పిల్లలు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు. ఒక్కో పెన్‌డ్రైవ్‌తో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారే వైరస్ ఉచితం.

పెళ్ళిళ్ళ సీజను మొదలయ్యేలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి. పదిహేను వేలకు మించి పెట్టలేను. ఏం చేయమంటారు?

ఒంగోలు లాయర్‌పేట

అన్నా, ముందు ఒక మాట. ఏ ఓఎస్ (విండోస్, లైనక్స్ లాంటిది) వేసినా సరే, ఆ హార్డ్ డిస్క్ తీసి 240 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) పెట్టించండి, ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించండి. మీరు టీ తాగి వచ్చేది విండోస్ వల్ల కాదు, ఆ డిస్క్ వల్ల.

నేను ఆరేళ్ళుగా లైనక్స్‌లో ఒక రకమైన మింట్ వాడుతున్నాను. మీ పెట్టెకు మింట్ 22, ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికపాటి ఎడిషన్ సరిపోతుంది. 2029 దాకా అప్‌డేట్లు ఇస్తామన్నారు. ఎక్కించే ముందే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు, లోపలి డిస్క్‌ను ముట్టుకోదు. ప్రింటరు పలుకుతుందా లేదా అన్నది అప్పుడే తేల్చుకోండి. కొన్ని పాత లేజర్ ప్రింటర్లకు లైనక్స్‌లో డ్రైవరు దొరకడం గగనం.

తెలుగు టైపింగ్ గురించి భయపడకండి. ఐబస్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, దానికి ఎం17ఎన్ అనే లేఅవుట్ల కట్ట జత చేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ లేఅవుట్లతో పాటు మీ ఆపిల్ లేఅవుట్ కూడా వస్తుంది. మీ వేళ్ళు కొత్తగా నేర్చుకునేది పెద్దగా ఉండదు. కాకపోతే అక్కడ పడేది యూనికోడ్ తెలుగు (ఏ ఫోనులోనైనా చదవగలిగేది), అను కాదు.

పేజ్‌మేకర్ మాత్రం లైనక్స్‌లో సొంతంగా నడవదు. లోపల ఇంకో విండోస్ పెట్టి నడిపించొచ్చు కానీ, రోజుకు పది పత్రికలు చేసేవాడికి అది నేను చెప్పను.

చీమకుర్తి లెక్కలు

గ్రానైట్ ఆఫీసులో అకౌంట్లు చూస్తాను. డీటీపీ గురించి నాకు తెలియదు గానీ, విండోస్ 10 రేపే చచ్చిపోదు. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీకి వెళ్తే ఇంకో ఏడాదికి, అంటే 2026 అక్టోబరు 13 వరకు, సెక్యూరిటీ అప్‌డేట్లకు పేరు నమోదు చేసుకోమంటుంది. వర్షన్ 22హెచ్2 అయ్యుండాలి. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బులు అడగదు. ఈ సీజను దాటడానికి అది చాలు.

రిపేరు అబ్బాయి ఎక్కిస్తానన్న 11 వద్దు సార్. అర్హత లేని పెట్టెకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్టే ఇవ్వదు. సీజను మధ్యలో మొరాయిస్తే ఎనిమిది వందలు తీసుకున్నవాడు ఫోన్ ఎత్తుతాడా?

మేమూ ఒకసారి లైనక్స్ వైపు చూశాం. మా అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ట్యాలీ ప్రైమ్ విండోస్‌కు తప్ప లేదు, అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

నెల్లూరు ఫ్రేమ్స్

మ్యాక్ వాడే మనిషిని. అయినా మీకు మ్యాక్ వద్దనే చెప్తాను అన్నా.

నాది ఎం4 మ్యాక్ మినీ. 2024 చివర్లో వచ్చినప్పుడు దాని ధర 59,900. మానిటరు, కీబోర్డు వేరే. వీడియో ఎడిటింగ్‌కు నాకు ఆ డబ్బు ఎప్పుడో తిరిగొచ్చేసింది. అది నా పని కాబట్టి. మీ పేజ్‌మేకర్ ఫైళ్ళు దానిలో తెరుచుకోవు. కొత్త మ్యాక్‌లలో నేరుగా విండోస్ వేసుకునే వీలూ లేదు, ఇంకో సాఫ్ట్‌వేర్ కొని దాని లోపల నడపాలి.

ఏదో ఒక రోజు పేజ్‌మేకర్ తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌కు మారాలనుకుంటే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. యూనికోడ్ తెలుగు పెట్టగానే ఒత్తులు విడిపోయి కనిపిస్తే ఫాంటు తప్పు అనుకోవద్దు. పారాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. ఆ సంగతి తెలియక "శ్రీమతి, శ్రీయుతులు" అనే ఒక్క లైను కోసం నేను ఒక రాత్రంతా కూర్చున్నాను.

కావలి డీటీపీ

అందరికీ థాంక్సండీ. మూడు వారాలు ఆగి రాస్తున్నాను, కొంచెం పొడుగే.

ముందు ఎస్ఎస్‌డీ, ర్యామ్ వేయించాను. అంతా కలిపి నాలుగు వేల లోపే. విండోస్ 10ను దానిమీదికి మార్చి, పక్కనే మింట్ కూడా వేశాను. ఇప్పుడు టీ తాగడానికి పోతే కంప్యూటరే నాకోసం ఎదురు చూస్తోంది.

మింట్ చూడగానే భయం పోయింది. కింద మెనూ, మూల గడియారం, అన్నీ తెలిసిన చోటే ఉన్నాయి. ఒంగోలు తమ్ముడు చెప్పినట్టు ఐబస్‌లో ఆపిల్ లేఅవుట్ దొరికింది. లిబ్రే ఆఫీస్ (వర్డ్ లాంటిది) తెరిచి కళ్ళు మూసుకుని "చి.ల.సౌ." కొడితే పడింది! రెండు మూడు ఒత్తులు మాత్రం నా అలవాటుకు తేడాగా వచ్చాయి. అంతకంటే పెద్ద ఆనందం ఇంకోటుంది. ఈ తెలుగు వాట్సాప్‌లో పెడితే తెలుగుగానే వెళ్తోంది. అనులో కొట్టింది కాపీ చేసి పంపితే అవతలివాళ్ళకు కనిపించేది గజిబిజి ఇంగ్లీషు అక్షరాలు. అందుకే ఇన్నాళ్ళూ ప్రూఫ్ పంపాలంటే ఫొటో తీసి పంపడమే.

కానీ పత్రిక పత్రికే. అనులో ఉన్న ముద్దొచ్చే ఫాంట్లు, పాత కస్టమర్ల వందల ఫైళ్ళు, "పోయినసారి మా పెద్దమ్మాయి కార్డు లాగే కావాలి" అనేవాళ్ళు. అదంతా పేజ్‌మేకర్‌లోనే ఉంది. మార్చడానికి కన్వర్టర్లు ఉన్నాయి గానీ, ఒక్కొక్కటీ మళ్ళీ ప్రూఫ్ చూడాలి. సీజనులో అయ్యే పని కాదు.

రెండు ఓఎస్‌లు ఒకే పెట్టెలో పెట్టుకోవడం కూడా కుదరలేదు. పత్రిక సగంలో ఉంటే ఎవరో పెన్‌డ్రైవ్ పట్టుకొస్తారు. సేవ్ చేసి, రీస్టార్ట్ చేసి, ప్రింటు ఇచ్చి, మళ్ళీ రీస్టార్ట్. దీనికి తోడు మింట్ నుంచి విండోస్‌కు వచ్చిన ప్రతిసారీ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి. ముహూర్తాలు అచ్చేసే షాపులో గోడ గడియారం ఒకటి, కంప్యూటర్ ఒకటి చెబితే ఎట్లా? లైనక్స్ లోపలి గడియారాన్ని గ్రీన్విచ్ లెక్కన పెడుతుందట, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుందట. ఒక కమాండు కొడితే సర్దుకుంది, కానీ అది వెతికి పట్టుకునేసరికి ఒక సాయంత్రం పోయింది.

ఇంకో తంటా. విండోస్ ఆపి మింట్‌లోకి వస్తే విండోస్ డిస్క్‌లో ఏదీ సేవ్ కాదు, చదవడం వరకే. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా తెరుచుకోవడానికి పూర్తిగా ఆపకుండా ఉంచే ఏర్పాటు) ఆపేస్తే ఆ గొడవ పోయింది.

చివరికి నెల్లూరులో ఒక పాత ఆఫీసు పెట్టె సెకండ్‌హ్యాండ్‌లో ఆరున్నర వేలకు తెచ్చాను. దాన్లో మింట్ ఒక్కటే. పెన్‌డ్రైవ్‌లు, వాట్సాప్, హాల్‌టికెట్లు అన్నీ అక్కడే. వైరస్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టినా విండోస్‌లో మాత్రమే నడిచే ఆ ఈఎక్స్ఈ ఫైలు అట్లా పడి ఉంటుంది, ఏమీ చేయలేదు. దాన్ని డిలీట్ చేసి పిల్లలకు ఇస్తుంటే, నేనేదో పెద్ద ఇంజనీరునని చూస్తున్నారు. పాత ఐ3లో విండోస్ 10, పేజ్‌మేకర్. నెట్ వైరు పీకేశాను. పెన్‌డ్రైవ్ ఒక్కటే, అదీ నాది. అక్కడ పీడీఎఫ్ చేసి ఇక్కడ ప్రింటు ఇస్తున్నాను. ఫాంట్లు పీడీఎఫ్‌లోనే ఉంటాయి కాబట్టి తేడా రావడం లేదు.

చీమకుర్తి సారు చెప్పిన ఏడాది అప్‌డేట్లకు నెట్ పీకే ముందే పేరు ఇచ్చాను, నెలకోసారి వైరు పెట్టి దించుకుందామని.

ప్రింటరు ఒకటే, అదృష్టం కొద్దీ రెండింటికీ పలికింది. కానీ మొదటి రోజే వంద రూపాయల స్టాంపు పేపర్ ఒకటి పాడైంది. మింట్‌లో పీడీఎఫ్ ప్రింటు ఇస్తే పేజీకి సరిపోయేలా తానే కాస్త కుదించింది. మొదటి లైను ముద్ర మీదికి ఎక్కి కూర్చుంది. పార్టీ ఎదురుగానే ఉన్నాడు. వంద నా జేబులోంచే పోయింది. పేజ్ స్కేలింగ్ దగ్గర "నన్" పెట్టాలని ఇప్పుడు తెలుసు. అయినా ముందు తెల్లకాగితం మీద ఒకటి తీసి, స్టాంపు పేపర్‌తో కలిపి ట్యూబ్‌లైటుకు పట్టి చూసుకుని గానీ అసలుది పెట్టడం లేదు.

ఒంగోలు లాయర్‌పేట

అన్నా, తేడా వచ్చిన ఆ ఒత్తులేవో రాయండి. లేఅవుట్ ఫైలు మామూలు టెక్స్టే, మీ వేళ్ళకు తగ్గట్టు మార్చి పంపిస్తాను.

కావలి డీటీపీ

"క్ష" ఒకటి, "జ్ఞ" ఒకటి తమ్ముడూ. మూడోది రేపు షాపులో చూసి చెప్తాను. ఇప్పుడు ఆదివారం పెళ్ళివాళ్ళు వచ్చి కూర్చున్నారు, మూడు వందల కార్డులు.