పదం చివర చూసి భాషాభాగం చెప్పేయొచ్చా?

పాతపలక:
ఇంగ్లిష్ పదాల చివర్ల పట్టికను పిల్లలతో బట్టీ పట్టించడం ఆపాలి. 'లీ' ఉంటే క్రియావిశేషణం అని నేర్పుతారు. మరి ఫ్రెండ్లీ, లోన్లీ? రెండూ విశేషణాలే. ఫ్యామిలీ అయితే నామవాచకం!

వెన్నెలదారి:
ఫ్యామిలీలో 'లీ' ప్రత్యయం కాదండీ. తీసేస్తే 'ఫ్యామి' మిగులుతుంది, అలాంటి మాటే లేదు. ఫ్రెండ్లీకి ఓ లెక్క ఉంది. నామవాచకానికి 'లీ' చేరితే విశేషణం, విశేషణానికి చేరితే క్రియావిశేషణం: ఫ్రెండ్, ఫ్రెండ్లీ, క్విక్, క్విక్లీ. పాత ఇంగ్లిష్‌లో 'లీచ్', 'లీచె' అని రెండు వేర్వేరు చివర్లుండేవి. అరిగి అరిగి రెండూ ఒకటే 'లీ' అయ్యాయి.

పాతపలక:
డెడ్లీ? డెడ్ విశేషణమే, డెడ్లీ కూడా విశేషణమే. తప్పింది మీ లెక్క.

చిన్నపడవ:
పార్ట్‌లీ కూడా. నామవాచకానికి చేరి క్రియావిశేషణం అయింది.

వెన్నెలదారి:
నాలుగు మాటలు తప్పాయని వందల మాటలకు పనికొచ్చేదాన్ని వదిలేస్తామా? 'షన్' (tion) చూడండి, నామవాచకాలే.

పాతపలక:
మెన్షన్, క్వశ్చన్ క్రియలుగానూ వాడతారు. అసలు నా బాధ మీకు అర్థం కావడం లేదు. ఎనిమిదో తరగతిలో 'హి వర్క్స్ హార్డ్‌లీ' అని రాశాను. క్రియ గురించి చెప్పాలి కదా అని నేర్పినట్టే 'లీ' తగిలించాను. అతను పనే చేయడన్నట్టు అర్థం మారింది. క్లాసు ముందు నిలబెట్టి చదివించారు. పట్టిక నేర్పింది కూడా ఆ మాస్టారే.

వెన్నెలదారి:
అలా నిలబెట్టడం ముమ్మాటికీ తప్పు. కానీ మా అబ్బాయి తెలియని పదం రాగానే టెన్షన్ పడి పుస్తకం మూసేసేవాడు. మొన్న 'వైడెన్' దగ్గర ఆగాడు. చివరి 'ఎన్' (n) అక్షరం మీద వేలు పెట్టి మూసి, మిగిలింది చదవమన్నాను. "వైడ్." షార్ట్, షార్టెన్ గుర్తు చేశాను. "వెడల్పు చేయడమా?" అని తనే ముందుకెళ్లాడు.

పాతపలక:
రేపు వుడెన్ వస్తే?

వెన్నెలదారి:
ముందు క్రియ అనుకుంటాడు. పక్కన 'బాక్స్' కనిపించగానే దిద్దుకుంటాడు.

పాతపలక:
అంటే చివరికి తేల్చింది వాక్యమేగా!

వెన్నెలదారి:
అవును, ఊహ మాత్రం పదం చివర ఇచ్చింది. మీరు రాయడం గురించి మాట్లాడుతున్నారు, నేను చదవడం గురించి. చివర తగిలించి సొంతంగా పదం పుట్టించమని నేనూ చెప్పను.

పాతపలక:
ఆ తేడా మాకు ఒక్కరూ చెప్పలేదండీ. పరీక్షలో 'క్వశ్చన్' అని ఒంటరి పదం ఇచ్చి ఏ భాషాభాగం అని అడిగేవారు. మీరైతే ఏం రాస్తారు?

వెన్నెలదారి:
వాక్యం ఇవ్వకుండా అలా అడగకూడదు. అది మాత్రం మీతో ఒప్పుకుంటాను. పట్టిక ఆపేయాలంటే మాత్రం ఒప్పుకోను.