అప్‌డేట్: మున్సిపల్ ఫైబర్ కనెక్షన్ ఎస్టిమేట్ ఎక్కువ వచ్చింది – పాత టెలిఫోన్ పైపుతో తగ్గింది

వీధిలో మున్సిపల్ ఫైబర్ (మున్సిపాలిటీ ఇంటర్నెట్ కేబుల్) ఉన్నా, ఇంట్లోకి కనెక్షన్ ఇవ్వడానికి మాకు పక్కింటివాళ్లకంటే చాలా ఎక్కువ ఎస్టిమేట్ ఎందుకు వేశారని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. లైన్ వచ్చేసింది, బాగా పనిచేస్తోంది.

ఖర్చు విడివిడిగా రాసిమ్మని అడగమన్నారు చూడండి, అక్కడే విషయం తేలింది. కేబుల్, గోడకి పెట్టే ఓఎన్‌టీ బాక్స్ (ఫైబర్‌లో వచ్చే కాంతి సిగ్నల్‌ని ఇంట్లో వాడుకునేలా మార్చేది) ఖర్చు కొంచెమే. మిగతాదంతా గేటు నుంచి ఇంటి దాకా కాంక్రీటు పగలగొట్టి, తవ్వి, మళ్లీ పూడ్చడానికి. పక్కింటి గోడ రోడ్డు పక్కనే ఉంది కాబట్టి వాళ్లకి తవ్వకమే లేదు.

పాత టెలిఫోన్ వైరు వచ్చిన పైపు చూడమని ఇంకొకరు చెప్పారు. అసలు పని చేసిన సలహా ఇదే! టెక్నీషియన్ అందులోకి స్ప్రింగు తోసి చూస్తే గేటు దగ్గర వంపులో ఆగిపోయింది. పైపు అక్కడ నలిగిపోయింది. ఆ ఒక్కచోటే తవ్వి ముక్క మార్చారు. ఫైబర్ సన్నగా ఉంటుంది, అందులో కరెంటు ఉండదు, కాబట్టి పాత రాగి వైరు పక్కనే లాగేశారు. బిల్లు సగానికి పైగా తగ్గింది.

దూరం వల్ల సిగ్నల్ పడిపోతుందేమోనన్న నా టెన్షన్‌కి ఆధారం లేదు. జీపాన్ లైన్లు, అంటే ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే ఇలాంటి లైన్లు, మామూలుగా 20 కిలోమీటర్ల దాకా పనిచేస్తాయి. ప్లాన్ స్పీడుకీ ఈ ఖర్చుకీ కూడా సంబంధం లేదు.

పైపులో ఒక నైలాన్ తాడు కూడా వదిలేయించాను, రేపు కేబుల్ మార్చాల్సొస్తే లాగడానికి.