తవ్వాలా, వదిలేయాలా? సిగ్నల్ విని ఎలా తేల్చుకుంటున్నారు?

సాగర్_లెస్టర్: ఇంగ్లండ్‌లో మెటల్ డిటెక్టర్‌తో పాత నాణేలు, వస్తువులు వెతికేవాళ్లు కాస్త చెప్పండి. ఈక్వినాక్స్ 800 డిటెక్టర్ తీసుకున్నాను. కోతలైపోయిన గోధుమ పొలం, రైతు రాసిచ్చిన పర్మిషన్ ఉంది. సిగ్నల్ తగిలినప్పుడల్లా స్క్రీన్ మీద పొద్దంతా 8 నుంచి 15 మధ్య నంబర్లే. కొన్ని నిలకడగా ఉంటాయి, కొన్ని ఎగిరి దూకుతుంటాయి. అన్నీ తవ్వుతుంటే నడుం పట్టేస్తోంది. 20 దాటినవే తవ్వుకుంటే నష్టమా?

కవిత_నార్ఫోక్: నష్టమే సాగర్ గారూ, పాత వెండి చాలావరకు పోతుంది. ఆ నంబర్ లోహం పేరు చెప్పదు. వస్తువులో కరెంట్ ఎంత బాగా పారుతుంది, దాని సైజు, మందం ఎంత, ఇవన్నీ కలిస్తే వచ్చేది అది. సుత్తితో అచ్చువేసిన పెన్నీలు, అంటే పాత ఇంగ్లిష్ వెండి నాణేలు, కాగితంలా పల్చగా ఉంటాయి. 1279కి ముందైతే చిల్లర కోసం పెన్నీనే రెండుగా, నాలుగుగా కోసేవారు. ఆ ముక్కలు ఇంకా తక్కువలో పలుకుతాయి. సన్నటి బంగారు ఉంగరం, రింగ్‌పుల్ (కూల్‌డ్రింక్ డబ్బా మూత లాగే రింగు) ఒకే నంబర్ దగ్గర పలుకుతాయి. పార్కులో అయితే కొన్నింటినే ఎంచుకుని తవ్వొచ్చు. పొలంలో మాత్రం సున్నా పైన నిలకడగా ఉన్న ప్రతిదీ తవ్వాల్సిందే.

శ్రీను_యార్క్: నేను నంబర్ కంటే ముందు చెవిని నమ్ముతాను. సిగ్నల్ తగలగానే కాయిల్‌ను, అంటే డిటెక్టర్ కింద ఉండే పళ్లెం లాంటి భాగాన్ని, చిన్నగా ఊపుతూ దాని చుట్టూ తిరగండి. నాణెం అయితే సాధారణంగా ఎటు నుంచి ఊపినా ఒకే శబ్దం, అంచుల దగ్గర టక్కున తెగుతుంది. వంగిన మేకు ఒక వైపు నుంచి తియ్యగా మోగి, 90 డిగ్రీలు తిరిగేసరికి గరగరలాడుతుంది. వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపే పిన్‌పాయింట్ మోడ్‌లో పెడితే చోటు కూడా పక్కకు జరుగుతుంది. గుర్రపు నాడాలు, నాగలి ముక్కలు మంచి పెద్ద నంబరే చూపిస్తాయి. అప్పుడు కాయిల్ పైకెత్తండి. అడుగు ఎత్తులోనూ గట్టిగా అరుస్తోందంటే పెద్ద వస్తువని అర్థం.

కవిత_నార్ఫోక్: శ్రీను గారి పద్ధతి మామూలు పొలాలకు బాగుంటుంది. రోమన్ల నాటి ఇళ్లున్న చోట మాత్రం మేకుల మధ్య చిక్కుకున్న నాణెం ఒక్క వైపు నుంచే పలుకుతుంది. లోతున ఉన్నదాని నంబర్ కూడా ఇనుము చూపించే తక్కువ నంబర్ల వైపు జారుతుంది. అలాంటి నేలలో ఒంటివైపు సిగ్నళ్లను నేను వదలను.

రమణ_బెండిగో: ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో మాది బంగారు గడ్డల వేట, మైనర్స్ రైట్ అనే అనుమతి పత్రం తీసుకుని తిరుగుతాం. ఈ ఎర్రమట్టిలో ఖనిజం ఎక్కువ కాబట్టి డిస్క్రిమినేషన్‌ను (ఇనుము లాంటి చెత్తను వదిలేసే సెట్టింగ్) నమ్ముకుంటే బంగారమే చేజారుతుంది. చిన్న శబ్దం వస్తే బూటుతో పైమట్టి ఒక అంగుళం గీకుతాం. శబ్దం బలపడితే తవ్వుతాం, మాయమైతే అది నేల గోల. ఎక్కువగా దొరికేది సీసపు తూటాలు, బూటు మేకులే. అయినా తవ్వక తప్పదు.

నవీన్_హన్మకొండ: అన్నా, మా దగ్గర పాత కోట గోడల పక్కన ఇది పనికొస్తుందా?

శ్రీను_యార్క్: వద్దు తమ్ముడూ. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వడం నేరం. మన 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో పది రూపాయలకు మించి విలువైనది ఏది దొరికినా కలెక్టర్‌కు తెలపాలి. గుప్తనిధులని తవ్వేస్తే చరిత్ర కూడా మట్టిలో కలిసిపోతుంది. ఇక్కడ ఇంగ్లండ్‌లోనూ రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా డిటెక్టర్ వాడకూడదు.

కవిత_నార్ఫోక్: దీనికి జోడింపు. ఒకే చోట వరసగా మంచి సిగ్నళ్లు వస్తే చెయ్యి ఆపండి. 1992లో సఫోక్‌లోని హాక్సన్‌లో ఎరిక్ లాస్ మిత్రుడి సుత్తి వెతుకుతుంటే రోమన్ నిధి తగిలింది. కొన్ని నాణేలు బయటపడగానే తవ్వడం ఆపి కబురు పెట్టాడు. పురావస్తు శాస్త్రవేత్తలు పద్ధతిగా తీశారు కాబట్టే దాదాపు 15 వేల నాణేలతో పాటు, అవి ఏ పెట్టెలో ఎలా సర్ది ఉన్నాయో కూడా తెలిసింది. ఇంగ్లండ్‌లో 300 ఏళ్లు దాటిన వెండి నాణేలు ఒకేచోట రెండు దొరికినా 14 రోజుల్లో కరోనర్‌కు (ఇలాంటి నిధులపై విచారణ చేసే అధికారి) తెలపాలి.

సాగర్_లెస్టర్: చాలా థ్యాంక్స్ అండీ. ఇంకో డౌట్. పొలం కింది మూలలో చిన్న నంబర్లు ఆగకుండా వస్తున్నాయి. తవ్వితే నల్లగా, తేలిగ్గా ఉన్న గుల్ల రాళ్లు తప్ప ఏమీ లేవు.

కవిత_నార్ఫోక్: అది కోక్, కాలిన బొగ్గు. ఆవిరి యంత్రాలతో దున్నిన రోజుల్లో పడినదీ, ఎరువుతో పాటు వచ్చిన పొయ్యి బూడిదా. సన్నటి బంగారం, చిన్న వెండి ముక్కలు పలికేదీ అక్కడే కాబట్టి మెషిన్‌లో ఆ నంబర్లు పలకకుండా ఆపేయకండి. ప్రస్తుతానికి ఆ మూల వదిలేసి, గట్టున్న వైపు పైకి వెళ్లి చూడండి.