అప్‌డేట్: డీఎన్‌ఏని పట్టి ఉంచేది హైడ్రోజన్ బంధాలేనా?

డీఎన్‌ఏలోని జంట పోగుల బలమంతా వాటి మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలదేనా (ఇవి బలహీనమైన ఆకర్షణలు) అని మొన్న అడిగాను కదా. విజయనగరంలో మా బయోకెమిస్ట్రీ మేడమ్‌ని పట్టుకున్నాను. పోగుల మీద ఎదురెదురుగా జతకట్టే ఏ, టీ, జీ, సీ అనే క్షారాల్లో (డీఎన్‌ఏ 'అక్షరాలు') ఏ-టీ మధ్య 2, జీ-సీ మధ్య 3 బంధాలున్న మాట నిజమే. కానీ పోగులు విడిపోతే ఆ క్షారాలు నీటితోనూ బంధాలు కట్టుకుంటాయి, అందుకే నికరంగా మిగిలేది తక్కువట. వాటి ముఖ్యమైన పని సరైన జోడీని కుదర్చడం. బలం ఎక్కువగా క్షారాలు ఒకదానిపై ఒకటి, సుమారు 0.34 నానోమీటర్ల ఎడంలో, పేర్చుకోవడం నుంచే వస్తుంది.

ఇక ఉప్పు సంగతి (నాకు నచ్చింది ఇదే). పోగుల వెన్నులో ఉండే ఫాస్ఫేట్ల రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పుల్లోని సోడియం, మెగ్నీషియం అయాన్లు (ధనావేశమున్న కణాలు) ఆ గొడవ తగ్గిస్తాయి. ఉప్పు బాగా తక్కువైతే కొద్ది వేడికే పోగులు విడిపోతాయి. ల్యాబ్‌లో మేడమ్ మాతో అరటిపండు గుజ్జులో ఉప్పు వేయించి, చల్లటి స్పిరిట్ పోయించి, తెల్లటి డీఎన్‌ఏ దారాలు తేల్చింది కూడా ఈ ఆవేశాల లెక్కతోనే: ఉప్పు ఆ నెట్టుకోవడాన్ని తగ్గిస్తే డీఎన్‌ఏ స్పిరిట్‌లో ముద్దకట్టి బయటపడుతుంది.