రోమా 13లో ‘లోబడు’: ఈ మాటకు హద్దు ఎక్కడ?

ఇక్కడ నేను చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. ఈసారి ఒక మాట వారం రోజులుగా నన్ను వదలడం లేదు కాబట్టి అడుగుతున్నాను. ఆ మాట ‘లోబడు’.

మా బైబిలు స్టడీలో రోమా పత్రిక 13వ అధ్యాయం చదివాం. “ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను.” విచారణ లేకుండా ఏళ్ల తరబడి జైల్లో ఉంచినవాళ్ల గురించి విశ్వాసులుగా మనం నోరు విప్పాలి కదా అన్నాను. ఒక పెద్దాయన ఆ వచనం మీద వేలు పెట్టి, “లోబడమని రాసి ఉందమ్మా. ప్రార్థన చేద్దాం. అంతకు మించి మన పని కాదు” అన్నారు. ఆయన మంచి మనిషి, నిజంగా ప్రార్థన చేసేవారు. అందుకే ఆ మాట నాకు ఇంకా బరువుగా తగిలింది. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను.

ఇంటికి వచ్చాక అపొస్తలుల కార్యములు తెరిచాను. 5వ అధ్యాయంలో, యేసు పేరున బోధించవద్దని యూదుల మహాసభ ఆజ్ఞాపిస్తే యేసు శిష్యుడు పేతురు ఏమన్నాడు? “మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా.” ఇక్కడా ‘లోబడు’. ఒక చోట అధికారులకు లోబడు, ఇంకో చోట మనుష్యులకు లోబడవద్దు. తెలుగులో చదివేవాడికి ఈ రెండూ ఢీకొన్నట్టే ఉంటాయి. మూలంలో కూడా ఒకే మాటా? అసలు తెలుగులో ‘లోబడు’ అంటే ఏమిటి? లొంగిపోవడమా, విధేయతా, లేక మరొకటా?

వ్యాఖ్య (తెలుగు పాఠాలు చెప్పే సభ్యులు):

అమ్మా, మాట కూర్పు చూస్తే ‘లో’, ‘పడు’ కలిసి ‘లోబడు’. దేనికో లోపల పడడం, ఒక హద్దులో ఉండడం. ‘లొంగు’ వేరు. లొంగు అన్నప్పుడు ఎదుటివాడి బలం కనిపిస్తుంది, ఓడినవాడు లొంగుతాడు. ‘తలొగ్గు’లో ఒత్తిడి ఉంది. ‘లోబడు’లో ఆ రెండూ ఉండి తీరాలని లేదు. ఇవాళ్టి వాడుకే చూడండి: ‘నిబంధనలకు లోబడి’, ‘చట్టానికి లోబడి’ అంటాం. నిబంధనలకు లొంగి అని ఎవరూ రాయరు. ఫలానా హద్దులో ఉండి నా పని నేను చేసుకుంటాను అన్నదే అక్కడి అర్థం.

కాకపోతే ఈ మాటకు ఒక మచ్చ పడింది. ప్రేరణార్థకం ‘లోబరచుకొను’ వార్తల్లో ఎలా వస్తుందో మీకు తెలుసు. మాయమాటలతో లోబరచుకున్నాడు అంటారు. ఆ వాసన తిరిగి ‘లోబడు’కు కూడా అంటుకుంది. మీ పెద్దాయన చెవికి ఆ మాట ‘మారు మాట్లాడకు’ అని వినిపించడానికి అదీ ఒక కారణం కావచ్చు.

వ్యాఖ్య (గ్రీకు నేర్చుకుంటున్న సభ్యుడు):

అక్కా, మీ అనుమానం నిజమే. మూలంలో ఇవి రెండు వేరు మాటలు. రోమా 13:1లో ఉన్నది ‘హుపొటాస్సో’. ‘టాస్సో’ అంటే వరుసలో పెట్టడం, అమర్చడం. ‘హుపొ’ అంటే కింద. ఒక అమరికలో తన స్థానంలో నిలబడడం అన్న భావం. కార్యములు 5:29లో ఉన్నది ‘పెయితర్కేయో’, అంటే అధికారంలో ఉన్నవాడి మాట వినడం, ఆజ్ఞ పాటించడం. తెలుగులో రెండింటికీ ‘లోబడు’ అనే వేశారు.

ఇంకో అందం కూడా తెలుగులో కనిపించకుండా పోయింది. రోమా 13 మొదటి రెండు వచనాల్లో, ఆ పత్రిక రాసిన పౌలు ఒకే ధాతువును మళ్లీ మళ్లీ వాడతాడు. మనం లోబడడం, అధికారాలు ‘నియమింపబడి’ ఉండడం, ‘ఎదిరించువాడు’, దేవుని ‘నియమము’ అన్నీ ఆ టాస్సో కుటుంబమే. అంటే మనల్ని అమరికలో నిలబడమంటున్న వాక్యమే అధికారిని కూడా అదే అమరికలో, దేవుని కింద నిలబెడుతోంది. 4వ వచనంలో అధికారి ‘దేవుని పరిచారకుడు’. గ్రీకులో ‘దియాకొనొస్’, సంఘంలో పరిచర్య చేసేవాడికి వాడే మాటే. నీరో చక్రవర్తి ఏలుతున్న రోజుల్లో రోములోని విశ్వాసులకు ఈ ఉత్తరం వచ్చింది. చక్రవర్తిని ప్రభువు అని పిలిచే లోకంలో అతన్ని పరిచారకుడు అనడం చిన్న మాట కాదు.

పిల్లలు తలిదండ్రుల మాట వినాలన్న చోట, ఎఫెసీ 6:1లో, ‘హుపకూవో’ ఉంది. దానికి తెలుగులో ‘విధేయులు’ అన్నారు. రోమా 13లో పౌలు ఆ మాట వాడలేదు. అదే ఎఫెసీ 5:21లో “ఒకనికొకడు లోబడియుండుడి” అన్నప్పుడు మళ్లీ హుపొటాస్సో. ఒకరి ఆజ్ఞ ఒకరు గుడ్డిగా పాటించడం ఇద్దరికీ ఒకేసారి కుదరదు కదా!

పోస్టు పెట్టినవారి జవాబు:

మాస్టారూ, తమ్ముడూ, ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘నిబంధనలకు లోబడి’ అన్న ఉదాహరణ చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. రోజూ కాగితాల మీద చూసే మాట, ఎన్నడూ వచనంతో కలిపి చూడలేదు.

అది పట్టుకుని వెతికితే లూకా 2వ అధ్యాయం దొరికింది. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో ఉండిపోయాడు. తల్లి వెతుక్కుంటూ వచ్చి అడిగితే, “నేను నా తండ్రి పనులమీద నుండవలెనని మీరెరుగరా” అన్నాడు. రెండు వచనాల తర్వాత నజరేతుకు వచ్చి వారికి ‘లోబడి’ ఉన్నాడని రాసి ఉంది. తమ్ముడు చెప్పిన మాటే అక్కడా ఉంటే, లోబడడానికీ, పైవాడి పని ముందు అని చెప్పడానికీ మధ్య లూకాకు గొడవే కనిపించలేదన్నమాట.

వ్యాఖ్య (మరో సభ్యుడు):

మీ ఉత్సాహానికి అడ్డు వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పౌలు పేరనే ఉన్న తీతు పత్రికలో 3:1 చూశారా? అక్కడ అధికారులకు ‘లోబడి’, ‘విధేయులుగా’ ఉండాలని రెండూ ఉన్నాయి. గ్రీకులో సరిగ్గా ఆ రెండు మాటలే, హుపొటాస్సో, పెయితర్కేయో, పక్కపక్కనే. పేతురు మహాసభకు చేయనన్న ఆ పెయితర్కేయోనే తీతులో అధికారులకు చేయమంటున్నారు. కాబట్టి ‘రోమా 13 విధేయత అడగలేదు’ అని ఒక్క క్రియాపదం మీద ఇల్లు కట్టడం కుదరదు. పదాల తేడా నిజమే, కానీ మీరు దాని మీద మోపుతున్న బరువు ఎక్కువ.

వ్యాఖ్య (గ్రీకు నేర్చుకుంటున్న సభ్యుడు):

ఒప్పుకుంటున్నాను. తీతు నాకు గుర్తు రాలేదు. లూకా 2:51లో మాత్రం అదే మాట, అక్కా.

పోస్టు పెట్టినవారి జవాబు:

మీరు చెప్పింది న్యాయమైన అభ్యంతరం, రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. మాట ఒక్కటే మనకు జవాబు ఇవ్వదు. మామూలు రోజుల్లో విశ్వాసి పన్ను కడతాడు, చట్టం పాటిస్తాడు, అధికారిని గౌరవిస్తాడు. తీతు చెప్పేది అదే. ఆ వెంటనే “ప్రతి సత్కార్యము”నకు సిద్ధపడి ఉండమని కూడా ఉంది. అధికారి ఆజ్ఞ, సత్కార్యం ఒకదానికొకటి ఎదురు నిలిచిన రోజున ఏం చేయాలన్నదే మిగిలిన ప్రశ్న. దానికి నిఘంటువు చాలదు, ఆ మాట రాసిన మనిషి ఎలా బతికాడో చూడాలి.

పౌలు ఫిలిప్పీ పట్టణంలో దెబ్బలు తిని చెరసాలలో ఉన్నాడు. తెల్లారాక అధికారులు, వెళ్లిపొమ్మని కబురు పెట్టారు. ఆయన వెళ్లలేదు. న్యాయం విచారించకుండా బహిరంగంగా కొట్టించి, ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, “మేము ఒప్పము”, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. కార్యములు 16:37. వాళ్లు వచ్చి బతిమాలుకున్నారు. పౌలు పగ తీర్చుకోలేదు, అల్లరి చేయలేదు. కానీ జరిగిన అన్యాయాన్ని చీకట్లో పాతిపెట్టనివ్వలేదు. తర్వాత రోమా అధిపతి ఫేస్తు ముందు, తనను కొందరికి అప్పగించే హక్కు ఎవరికీ లేదని చెప్పి కైసరుకే అప్పీలు చేసుకున్నాడు. ‘లోబడియుండవలెను’ అని రాసిన చెయ్యి ఇదే. ఆయన దృష్టిలో లోబడడమంటే అధికారిని అతని హద్దులో నిలబడమని అడగడం కూడా. ఆ పెద్దాయనకు ఆ రోజు నేను చెప్పాల్సిన జవాబు ఇదే.

వ్యాఖ్య (మరో సభ్యురాలు):

అయితే రోమా 13లో ‘లోబడు’ బదులు ‘కట్టుబడి ఉండు’ అని అనువదిస్తే సరిపోతుందా? చట్టానికి కట్టుబడి ఉన్నాను అంటాం కదా. లోబరచుకొను మచ్చ కూడా ఉండదు.

వ్యాఖ్య (తెలుగు పాఠాలు చెప్పే సభ్యులు):

మంచి ఆలోచనే, కానీ కుదరదమ్మా. కట్టుబడేది మాటకు, ప్రమాణానికి, చట్టానికి. మనిషికి కట్టుబడడం అంటే తెలుగులో వేరే అర్థం వస్తుంది. పైగా ‘కట్టుబడు’లో పై, కింద అన్న అమరిక పోతుంది. నా ఓటు ‘లోబడు’కే. అర్థం చెప్పుకోవలసిన బాధ్యత చదివేవాళ్లది.

వ్యాఖ్య (ఇంకొక సభ్యుడు):

ఇదంతా బాగానే ఉంది గానీ, సంఘాన్ని రాజకీయాల్లోకి లాగడం నాకు ఇష్టం లేదు. సంఘం సువార్త కోసం ఉంది. ప్రతి పార్టీ మనల్ని వాడుకుంటుంది.

పోస్టు పెట్టినవారి జవాబు:

అన్నయ్యా, పార్టీలు వాడుకుంటాయన్న మీ భయం నాకూ ఉంది. అందుకే ఒక సంగతి ముందు పెడతాను. 1934 మే నెలలో, హిట్లర్ అధికారంలో ఉండగా, జర్మనీలోని బార్మెన్‌లో సంఘాల ప్రతినిధులు కూడి ఒక విశ్వాస ప్రకటన చేశారు. రాజ్యం గురించి చెప్పే అయిదో భాగం ఒక వచనంతో మొదలవుతుంది, 1 పేతురు 2:17: “దేవునికి భయపడుడి, రాజును సన్మానించుడి.” న్యాయం, శాంతి చూడడం దేవుడు రాజ్యానికి అప్పగించిన పని అని ఒప్పుకుంటూనే, మనిషి బతుకు మొత్తానికీ తానే ఏకైక వ్యవస్థ కావాలనుకునే రాజ్యాన్ని ఆ ప్రకటన తిరస్కరించింది.

మన భాషా చర్చకు ఆ వచనం మొత్తం చూడండి. “అందరిని సన్మానించుడి, సహోదరులను ప్రేమించుడి, దేవునికి భయపడుడి, రాజును సన్మానించుడి.” రాజుకు వాడిన క్రియ ‘సన్మానించు’, అందరికీ వాడినదీ అదే. ‘భయపడు’ మాత్రం దేవునికి దాచిపెట్టారు. గ్రీకులోనూ ఇంతేనా తమ్ముడూ?

కానీ బార్మెన్ ప్రకటనలో నన్ను బాధపెట్టేది ఒకటి ఉంది. యూదుల గురించి అందులో ఒక్క మాట లేదు. దాన్ని ముఖ్యంగా రాసిన వేదాంతి కార్ల్ బార్త్ ఆ మౌనానికి తర్వాత బాధపడ్డాడు. సంఘం తన స్వేచ్ఛ కోసం నోరు తెరిచింది, పక్కింటివాడి ప్రాణం కోసం తెరవలేదు. సామెతలు 31:8 అడిగేది పక్కింటివాడి గురించే: “మూగవారికిని దిక్కులేనివారికందరికిని న్యాయము జరుగునట్లు నీ నోరు తెరువుము.” మన సంఘం ఆస్తి మీద కేసు పడితే అందరం కోర్టుకు వెళ్తాం. మన మతం కాని మనిషి అన్యాయంగా జైల్లో ఉంటే అది రాజకీయం అయిపోతుంది. నా మనసుకు ఈ తేడా సహించడం లేదన్నయ్యా. రాజకీయమా కాదా అన్నది ఎవరికి దెబ్బ తగిలిందన్న దాన్నిబట్టి మారకూడదు.

వ్యాఖ్య (గ్రీకు నేర్చుకుంటున్న సభ్యుడు):

ఇంతే అక్కా. ‘టిమావో’ రెండుసార్లు, రాజుకూ అందరికీ. ‘ఫొబెయొమాయ్’ దేవునికి మాత్రమే.

వ్యాఖ్య (అభ్యంతరం చెప్పిన సభ్యుడు):

తీతు గురించి రాసినవాణ్ణి నేనే. మీ జవాబు చదివాక నేనొకటి చేర్చాలి. 1963 ఏప్రిల్‌లో, అమెరికాలో నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ బర్మింగ్‌హామ్ జైలు నుంచి, తనను తప్పుపట్టిన ఎనిమిది మంది మతాధికారులకు ఒక ఉత్తరం రాశాడు. అన్యాయపు చట్టాన్ని మీరేవాడు బహిరంగంగా, ప్రేమతో, శిక్షను ఒప్పుకునే మనసుతో మీరాలని అందులో చెప్పాడు. నాకు ఇక్కడ ఆ రెండు గ్రీకు మాటలూ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఆజ్ఞ పాటించలేదు, కాబట్టి పెయితర్కేయో లేదు. దాక్కోలేదు, ఆయుధం పట్టలేదు, జైలుకు వెళ్లాడు, కాబట్టి హుపొటాస్సో ఉంది. ఈ రెండు మాటల తేడా మీద అంత బరువు మోపవద్దని ముందు నేనే అన్నాను. వాక్యంలో విడదీయడం కష్టమే, ఆయన చేసి చూపించాడు.

పోస్టు పెట్టినవారి జవాబు:

దానియేలు గ్రంథంలో ఆ ముగ్గురు యువకులు చేసిందీ ఇదే కదండీ. రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కలేదు, రాజును ‘రాజా’ అనే పిలిచారు, అగ్నిగుండానికి వెళ్లారు.

వచ్చే వారం బైబిలు స్టడీలో రోమా 13:1, కార్యములు 5:29, కార్యములు 16:37 ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి తీసుకెళ్తాను. ఆ పెద్దాయన పక్కనే కూర్చుని, ముందు ఆయన్నే చదవమంటాను. జైల్లో ఉన్నవాళ్ల కోసం ప్రార్థన కూడా ఆయన్నే చేయమంటాను. ఆ తర్వాత వాళ్ల విచారణ మొదలుపెట్టమని అడుగుతూ రాసిన వినతిపత్రం బల్ల మీద పెడతాను. మాస్టారూ, అందులో ‘చట్టానికి లోబడి’ అన్న మాట ఒకచోట వాడాను. వాక్యం సరిగా వచ్చిందో లేదో ఒకసారి చూస్తారా?

వ్యాఖ్య (తెలుగు పాఠాలు చెప్పే సభ్యులు):

పంపండమ్మా, రాత్రికి చూసి పెడతాను. నా సంతకానికి కింద ఒక గీత ఎక్కువ ఉంచండి.