కౌంటర్ స్ట్రైక్ 1.6 సర్వర్ మీద దాడులు ఆపడం ఎలా?

అందరికీ నమస్తే. ఇంటర్నెట్ కేఫ్ రోజుల్లో కలిసి ఆడిన మా బ్యాచ్ కోసం ముంబైలో ఒక చిన్న వీపీఎస్ (డేటా సెంటర్‌లో ఉండే వర్చువల్ కంప్యూటర్) అద్దెకు తీసుకుని కౌంటర్ స్ట్రైక్ 1.6 సర్వర్ నడుపుతున్నాను, ఖర్చు నాదే. 2003లో వచ్చిన ఆట, అయినా రాత్రి పదయ్యేసరికి హైదరాబాద్, గుంటూరు, దుబాయ్ నుంచి మావాళ్లు డస్ట్2 మ్యాప్‌లోకి వచ్చేస్తారు. కొందరం మాట్లాడుకునేది అక్కడే.

నెల రోజులుగా సరిగ్గా ఆ టైమ్‌కే ఆట నడిచే 27015 యూడీపీ పోర్టుకి (యూడీపీ అంటే ముందుగా కనెక్షన్ పెట్టుకోకుండానే ప్యాకెట్లు పంపే పద్ధతి) సర్వర్ సమాచారం అడిగే ప్యాకెట్లు వరదలా వస్తున్నాయి. పింగ్ (సర్వర్ నుంచి జవాబు రావడానికి పట్టే టైమ్) పెరిగిపోయి అందరూ బయటికి పడిపోతున్నారు. రీహెచ్‌ఎల్‌డీఎస్ అనే మెరుగుపరిచిన సర్వర్ ప్రోగ్రామ్‌కి మారాను, లైనక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌లో ఒక్కో ఐపీకి లిమిట్ పెట్టాను, కానీ అవతలివాళ్లు పంపే ఐపీలే నకిలీవి కాబట్టి ఆ లిమిట్ దేనికీ పనికిరావట్లేదు. ఐపీని బ్యాన్ చేద్దామంటే, మొబైల్ నెట్‌లో ఎంతోమంది ఒకే ఐపీ వెనకాల ఉంటారు, మొన్న అలాగే మావాళ్లనే బయట పెట్టేశాను, చాలా బాధేసింది.

సర్వర్ సమాచారం అడిగే ఆ ప్యాకెట్లకు జవాబిచ్చే పని వేరే ప్రోగ్రామ్‌కి అప్పగించి, ఆటలో ఉన్నవాళ్ల ప్యాకెట్లకు మాత్రం దారి వదిలే పద్ధతి ఎవరైనా వాడారా? ఇండియాలో యూడీపీ దాడుల్ని తమ నెట్‌వర్క్‌లోనే వడకట్టే హోస్టింగ్, తక్కువ ధరలో, ఎక్కడ దొరుకుతుంది?

ఇంకొకటి, పాస్‌వర్డ్‌లన్నీ నా ఒక్కడి దగ్గరే ఉన్నాయి. రెండో మనిషికి ఎంతవరకు యాక్సెస్ ఇవ్వడం మంచిది?